సాదా పాఠము: నాయుడుపేట అను మాటకు తొమ్మిది సంఖ్యలు

స్వర్ణముఖీ నది చెంత, చెన్నై నుండి కోల్‌కతాకు పోవు పెద్ద రస్తామీద నున్న నాయుడుపేట 2022 ఏప్రిల్ 4వ తేదీన ఒక్క అంగుళమైనను కదలలేదు. కాని ఆనాడు దాని చిరునామా మారినది. అంతవరకు నెల్లూరు జిల్లాలో నుండిన ఆ పట్టణము క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరెను. బడి రిజిస్టరులో, దుకాణపు రసీదు పుస్తకములో, ఉత్తరముల కాగితములపై, ఎక్కడ "నెల్లూరు జిల్లా" అని యున్నదో అక్కడ కొట్టివేసి తిరిగి వ్రాయవలసిన పని వచ్చినది.

కాగితమైనచో ఒక్కొక్క చోట చేయి పెట్టక తప్పదు. కంప్యూటరులో వ్రాసియుంచిన దానికి ఆ శ్రమ ఉండరాదు కదా అని ఎవరైనను అనుకొందురు. ఒక ప్రోగ్రామర్ తన ఫైళ్ళకు ఒక్క వరుస ఆజ్ఞ యిచ్చి, వేయి చోట్లనైనను నిమిషములో ఆ మాటను మార్చగలడు. అదే పనిని పాత తెలుగు ఫాంటులో కూర్చిన ప్రశ్నపత్రముల మీదనో, కరపత్రముల మీదనో చేయబోయినచో, తెరపై "నెల్లూరు" అను మాట కన్నులకు స్పష్టముగా కనబడుచుండగనే, కంప్యూటరు అట్టి మాట లేదని చెప్పును. రెండును కంప్యూటరులే, రెండును తెలుగు ఫైళ్ళే. మరి ఈ తేడా ఎక్కడ నుండి వచ్చినది?

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య అను విషయమును మనుష్యులు ముందుగా ఒడంబడిక చేసికొనవలెను. అట్లు అందరు అంగీకరించిన సంఖ్యలను మాత్రమే వరుసగా నిలిపి, రంగు, పరిమాణము, బొమ్మ, అలంకారము ఏదియు చేర్చక వ్రాసిన ఫైలును ప్రోగ్రామర్లు ప్లెయిన్ టెక్స్ట్ అందురు. దీనిని సాదా పాఠము అనవచ్చును. సాదా పాఠమును వ్రాయుటకు, దిద్దుటకు వాడు పనిముట్టు టెక్స్ట్ ఎడిటర్. ఉత్తరములకు సొగసులు దిద్దు వర్డ్ ప్రాసెసర్ వేరు, ఇది వేరు. వడ్రంగికి బాడిస ఎట్టిదో ప్రోగ్రామరుకు ఎడిటర్ అట్టిది. దినమున అత్యధిక భాగము చేతిలో నుండునది అదియే.

అమెరికాలో 1963లో ఆస్కి అను సంకేత పట్టిక వెలువడెను. అందులో 128 స్థానములు కలవు. పెద్ద 'ఎ' అక్షరమునకు 65, 'బి'కి 66, ఈ విధముగా వరుస. చిన్న అక్షరములు 1967 నాటికి గాని అందులో స్థిరపడలేదు. ఆ కాలమున కంప్యూటరుతో మాటలాడుటకు తెర లేదు, టెలిటైపు ఉండెను. ఇది తంతికార్యాలయపు యంత్రములకు చుట్టము. మీట నొక్కిన అక్షరము తీగపై పోవును, జవాబు కాగితపు చుట్టపై టకటక అచ్చగును. ఆ రోజులలో విరివిగా వాడిన మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరములకు మించి అచ్చువేయజాలదు. చిన్న అక్షరములు దానికి లేనేలేవు.

న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్ అను ఇంజనీరు 1969లో యూనిక్స్ అను వ్యవస్థను నిర్మించుచు, దానితోపాటు ఎడ్ అను చిన్న ఎడిటరును వ్రాసెను. సెకనుకు పది అక్షరముల యంత్రముపై మాట పొదుపు చేయక గత్యంతరము లేదు. కనుక ఎడ్‌లో ఆజ్ఞలన్నియు ఒక్కొక్క అక్షరమే. వరుసను అచ్చువేయుటకు 'పి', తొలగించుటకు 'డి', ఒక మాటకు బదులు మరియొక మాట ఉంచుటకు 'ఎస్'. 'ఎస్' తరువాత ఒక వాలుగీత, పాత మాట, మరల వాలుగీత, క్రొత్త మాట, మరల వాలుగీత: ఇంతే ఆజ్ఞ. వాడువాడు తప్పు చేసినచో ఎడ్ ఒక్క ప్రశ్నార్థక చిహ్నమును మాత్రము అచ్చువేసి ఊరకుండును. ఉపాధ్యాయులలో ఇంత మితభాషిని ఏ బడియు భరింపదు. కాని ఆ కట్టుదిట్టములో ఒక గొప్ప లాభము దాగియుండెను: కన్నులతో చూచుచు చేయు పని కాక, మాటలతో వర్ణించి చెప్పు పని అయినది. మాటలతో చెప్పిన పనిని దాచుకొనవచ్చును, తిరిగి వేయి ఫైళ్ళపై నడుపవచ్చును.

దీనికి మంచి నిదర్శనము గ్రెప్ అను పనిముట్టు పుట్టుక. బెల్ ప్రయోగశాలలోనే పనిచేసిన లీ మెక్‌మాన్ అమెరికా రాజ్యాంగ కాలపు ఫెడరలిస్టు వ్యాసములలో ఏది ఎవరు వ్రాసినదో మాటల వాడుకను బట్టి తేల్చగోరెను. ఆ పాఠము ఎడ్ ఎడిటరులో పట్టనంత పెద్దది. అప్పుడు థామ్సన్ ఎడ్‌లోని వెదకు భాగమును విడదీసి ప్రత్యేకమైన పనిముట్టుగా చేసి యిచ్చెను. ఎడ్‌లో "ఈ నమూనాకు సరిపడు వరుసలన్నియు వెదకి అచ్చువేయుము" అను ఆజ్ఞకు వాడు అక్షరములు కలిసియే గ్రెప్ అను పేరైనవి. 1973 నుండి యూనిక్స్‌లో నున్న ఈ పనిముట్టును ప్రోగ్రామర్లు నేటికిని దినమునకు పదిసార్లు వాడుచున్నారు.

టెలిటైపు పోయి తెర వచ్చిన తరువాత, 1976లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ వి-ఐ అను ఎడిటరును సిద్ధము చేసెను. అతడు వాడిన ఏడీఎమ్-3ఏ అను తెరయంత్రమునకు బాణపు మీటలు వేరుగా లేవు. 'హెచ్, జె, కె, ఎల్' అను నాలుగు మీటలపైననే ఎడమ, క్రింద, పైన, కుడి బాణములు ముద్రింపబడి యుండెను. అందుచేత వి-ఐలో ఆ నాలుగు అక్షరములే నడకకు ఉపయోగించినాడు. ఆ యంత్రము మూలపడి ఎన్నో ఏండ్లైనను, 1991లో బ్రామ్ మూలెనార్ వి-ఐని పెంచి విడుదల చేసిన విమ్ వాడువారి వేళ్ళు నేటికిని ఆ నాలుగు మీటలపైననే నడచుచున్నవి. అదే 1976లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఈమాక్స్ పుట్టెను. ఈ రెండింటిలో ఏది మేలను వాదము ప్రోగ్రామర్లలో తెగనిది. ఇక్కడ దానిలోనికి దిగ నవసరము లేదు. ఏ ఎడిటరుతో వ్రాసినను ఫైలులో మిగులునది అవే సంఖ్యలు. ఒకదానిలో వ్రాసి, మరియొక దానిలో తెరచి, మూడవ దానితో వెదకవచ్చును. పనిముట్టు మారినను పని పాడుగాదు.

ఇంతవరకు చెప్పిన చరిత్రలో తెలుగు అక్షరము ఒక్కటియు లేదు. ఆస్కి పట్టికలోని 128 స్థానములలో ఆంగ్లమునకే చోటు. భారతీయ లిపుల కొరకు కాన్పూరు ఐ.ఐ.టి.లో 1980ల నాటి కృషి నుండి జిస్ట్ అను సాంకేతిక పద్ధతి వచ్చినది. దాని నుండి ఇస్కీ అను పట్టిక ఏర్పడి, 1991లో భారత ప్రమాణముల సంస్థచే ప్రమాణముగా స్వీకరింపబడెను. దానిలోని సూక్ష్మము మెచ్చదగినది. బ్రాహ్మీలిపి నుండి పుట్టిన లిపులన్నిటికి వర్ణక్రమము దాదాపు ఒక్కటే గదా! కావున తెలుగు 'క'కు, కన్నడ 'క'కు, హిందీ 'క'కు ఒకే సంఖ్య నిచ్చిరి. గుణింతములకు, పొల్లునకు వేరు సంఖ్యలు. అక్షరపు ఆకారమును కాక అక్షరమునే లెక్కించు పద్ధతి యిది.

అయితే ఊరూర వెలసిన డి.టి.పి. కేంద్రములకు ఈ పద్ధతి చేరలేదు. అక్కడి పని పేజీని అందముగా అచ్చువేయుట. సంఖ్యల ఒడంబడికతో వారికి నిమిత్తము లేదు. ఆంగ్లమునకై తయారైన పేజ్‌మేకర్ వంటి సాధనములలో తెలుగును కూర్చుటకు ఫాంటు తయారీదారులు ఒక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరముల సంఖ్యలు ఉన్నవి ఉన్నట్లే యుంచి, వాని ఆకారములను మాత్రము మార్చిరి. కంప్యూటరు ఆంగ్లపు 'కె' అనుకొని దాచును. తెరపై తెలుగు 'న' కనబడును. తలకట్టు ఒక ముక్క, దీర్ఘము ఒక ముక్క, వొత్తు ఒక ముక్క. ఈ ముక్కలను ఏ స్థానములలో ఉంచవలెనో ప్రతి తయారీదారుడు తన యిష్టము వచ్చినట్లు నిర్ణయించెను. ఒకని 'న' మరియొకని 'డ' కావచ్చును.

ఇది మోసము కాదు; నాటి సాధనములతో తెలుగు అచ్చు చకచక సాగుటకు దొరికిన దగ్గరి దారి. పెండ్లి శుభలేఖలు, ప్రశ్నపత్రములు, పుస్తకములు లెక్కకు మిక్కిలిగా అట్లు అచ్చైనవి. నష్టము తరువాత బయటపడినది. ఆ ఫాంటు లేని యంత్రముపై ఫైలును తెరచినచో తెలుగు మాయమై అర్థము లేని ఆంగ్లాక్షరములు, చిహ్నములు మిగులును. త్రైమాసిక పరీక్షకు కూర్పించిన ప్రశ్నపత్రమును మరుసటి ఏడు వేరొక కంప్యూటరులో తెరచిన ఉపాధ్యాయులకు ఈ అనుభవము క్రొత్త కాదు. వెదకుటకు వీలులేదు, అకారాది క్రమమున అమర్చుటకు వీలులేదు. తాళపత్రమునకు చెదలు పట్టినను మిగిలిన భాగమును చదువవచ్చును. ఇక్కడ ఫైలు చెక్కుచెదరక యున్నది, చదువు తాళపుచెవి మాత్రము పోయినది.

సరిగా అదే కాలమున, 1990ల తొలి సంవత్సరములలో, అమెరికాలో చదువుచున్న తెలుగు విద్యార్థులు వేరొక దారి త్రొక్కిరి. వారికి తెలుగు ఫాంటులును లేవు, డి.టి.పి. దుకాణములును లేవు, విశ్వవిద్యాలయపు యూనిక్స్ యంత్రములు, ఆ యంత్రములలోని ఎడిటర్లు మాత్రము కలవు. హ్యూస్టన్ నగరపు రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను వారలు తెలుగును ఆంగ్లాక్షరములతో నిస్సందేహముగా వ్రాయు ఒక కట్టుబాటు నేర్పరచిరి. విశ్వవిద్యాలయము పేరుతోనే అది ఆర్.టి.ఎస్. అని ప్రసిద్ధి కెక్కెను. చిన్న 'డి' దకారమునకు, పెద్ద 'డి' డకారమునకు. చిన్న 'టి' తకారమునకు, పెద్ద 'టి' టకారమునకు. చిన్న 'ఇ' ఎకారమునకు, పెద్ద 'ఇ' ఏకారమునకు. ఈ లెక్కన "నాయుడుపేట" అని వ్రాయుటకు పది ఆంగ్లాక్షరములు చాలును, అందులో నాలుగు పెద్దవి: దీర్ఘమైన ఆకారమునకు, డకారమునకు, ఏత్వమునకు, టకారమునకు. దానిని తెలుగు లిపిలోనికి మార్చి అచ్చువేయు ప్రోగ్రామును గూడ వారు వ్రాసిరి.

చూచుటకు ఆ వ్రాత అందవికారమే. పెద్ద చిన్న అక్షరములు కలగలిసిన ఆ పాఠమును చూచి ముఖము చిట్లించిన తెలుగు పండితుని తప్పు పట్టలేము. కాని దానిలో ప్రతి గుర్తుకు అర్థము ఒక్కటే, ఆ అర్థమును తెలుపు పట్టిక బహిరంగము. నాడు వ్రాసిన ఫైలు నేడు ఏ ఎడిటరులోనైనను తెరచుకొనును. చిన్న ప్రోగ్రాము ఒకటి దానిని సలక్షణమైన తెలుగు లిపిలోనికి తప్పులేకుండ మార్చును. అందమైన ఫాంటు ఫైలు మూగవోయినది, అందము లేని సాదా పాఠము మాటలాడుచున్నది. 2006లో వీవెన్ సిద్ధము చేసిన లేఖిని అను సాధనము సహితము ఈ ఆర్.టి.ఎస్. కట్టుబాటునే ఆధారము చేసికొని వేలమందికి తెలుగు వ్రాయుట నేర్పెను.

యూనికోడ్ మొదటి ప్రమాణము 1991లో వెలువడెను. ప్రపంచములోని లిపులన్నిటికి ఒకే పట్టిక అనునది దాని సంకల్పము. భారతీయ లిపుల భాగమును ఇస్కీ యొక్క 1988 నాటి రూపము ననుసరించి అమర్చిరి. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు లభించినవి. "నాయుడుపేట" అను మాట ఆ పట్టికలో తొమ్మిది సంఖ్యలు: 3112, 3134, 3119, 3137, 3105, 3137, 3114, 3143, 3103. ఇందులో 3112 నకారము, 3134 దీర్ఘము. 3137 రెండుసార్లు వచ్చుటకు కారణము యు, డు అను రెండింటను కొమ్ము ఉండుటయే. బడిపిల్లవాడు ఈ మాటలో ఐదు అక్షరములున్నవని చెప్పును; కంప్యూటరు తొమ్మిది అనును. ఇద్దరును ఒప్పే. "పే" తరువాత వెనుకమీట నొక్కినచో చాల ఎడిటర్లలో అక్షరమంతయు పోక ఏత్వము మాత్రము చెరిగి "ప" మిగులుటకు కారణ మిదియే. స్వర్ణముఖిలోని "స్వ" యైనచో సకారము, పొల్లు, వకారము అను మూడు సంఖ్యలు. వొత్తుకు వేరు సంఖ్య లేదు.

ఈ పెద్ద సంఖ్యలను ఫైలులో ఎట్లు దాచవలెనన్నది తరువాతి చిక్కు. ఒక బైటులో 255కు మించిన సంఖ్య పట్టదు. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చుండి, బల్లపై పరచిన కాగితము మీద, ఇద్దరు మిత్రులు దీనికి పరిష్కారము గీసిరి. వారిలో ఒకరు రాబ్ పైక్. రెండవవాడు ఇరువదిమూడేండ్లకు పూర్వము ఎడ్‌ను వ్రాసిన కెన్ థామ్సనే! ఆ పద్ధతికి యు.టి.ఎఫ్.-8 అని పేరు. ఆస్కి అక్షరములు ఎప్పటివలె ఒక్కొక్క బైటులోనే యుండును. తెలుగు సంఖ్య ఒక్కొక్కటి మూడు బైట్లగును. ఆ మూడును 127 కంటె పెద్దవే యగుటచే ఆంగ్లాక్షరమని పొరబడుట అసంభవము. నకారము 224, 176, 168 అను మూడు బైట్లు. ప్రతి తెలుగు గుర్తు 224తోనే మొదలగును, ఆ 224 ఒక గుర్తు నడుమ ఎన్నడును రాదు. కనుక తెలుగు మాట పేరు కూడ ఎరుగని పాత గ్రెప్ సహితము "నెల్లూరు" అను బైట్ల వరుసను సరిగా పట్టుకొనును. నాయుడుపేట ఈ పద్ధతిలో 27 బైట్లు. ఆర్.టి.ఎస్.లో పదితో సరిపోయినదానికి ఇరువదియేడా యని లోభించువారు నాడు కొందరుండిరి. జ్ఞాపకస్థలము చౌకయైన కొలది ఆ మాట వినబడుట మానినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను యూనికోడు తెలుగు ఫాంటు జతగా వచ్చుట, తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను ఫాంటులను రూపొందించుట తెలుగు సాదా పాఠమును ఇంటింటి కంప్యూటరులో కనబడునట్లు చేసినవి.

చిక్కులు పూర్తిగా తీరినవని కాదు. ఐత్వమును ఒకే సంఖ్యగాను వ్రాయవచ్చును, ఎత్వము, దాని క్రింది గుర్తు అను రెండు సంఖ్యలుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. వెదకుటకు ముందు రెండింటిని ఒకే రూపమునకు తెచ్చు అలవాటు తెలుగు ప్రోగ్రామరుకు తప్పనిసరి.

ఇట్టి అలవాటులు మరికొన్ని కలవు. ఫైలు పేరు మొదట సంవత్సరము, పిదప నెల, తేదీ వ్రాయుట వానిలో ఒకటి. అట్లు వ్రాసిన ఫైళ్ళు తమంత తామే కాలక్రమమున నిలుచును. ఒక వాక్యమును ఒక వరుసలో వ్రాయుట మరియొకటి. ఇది వింతగా తోచును గాని, దీని ప్రయోజనము పాత ప్రతికి క్రొత్త ప్రతికి నడుమ భేదమును చూపు డిఫ్ అను పనిముట్టుతో తెలియును. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ కృషితో 1974లో యూనిక్స్‌లో చేరిన ఈ పనిముట్టు రెండు ఫైళ్ళను వరుస వరుసగా పోల్చి, పోయిన వరుసలను, వచ్చిన వరుసలను మాత్రము చూపును.

పోల్చి చూచుట తెలుగునకు క్రొత్త కాదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత జీతములపై పండితులను నియమించి, ఒకే గ్రంథమునకు పలు వ్రాతప్రతులు తెప్పించి పాఠభేదములు గుర్తింపజేసెను. వేమన పద్యములకు 1829లో ఆయన ప్రకటించిన సంపుటము ఆ పద్ధతి ఫలమే. ఆ పండితులు నెలల తరబడి కన్నులు చెడగొట్టుకొని చేసిన పనిలో యాంత్రికమైన భాగమును డిఫ్ క్షణములో చేయును. ఏ పాఠము గ్రాహ్యమో తేల్చుట మాత్రము నేటికిని మనిషి పనియే. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన గిట్ అను వ్యవస్థ ప్రతి మార్పును, దాని తేదీని, మార్చినవారి పేరును, కారణమును గూడ దాచిపెట్టును.

ఇప్పుడు ఆ జిల్లా పేరు సంగతి. అనుభవము లేనివాడు ఫైళ్ళన్నిటిలో "నెల్లూరు జిల్లా"కు బదులు "తిరుపతి జిల్లా" అని ఒక్కుమ్మడిగా మార్పించును. అంతట నెల్లూరులోనే యుండిన ఇతర గ్రామములును తిరుపతికి తరలిపోవును! 1979లో శ్రీహరికోట నుండి తొలి ఎస్.ఎల్.వి.-3 ప్రయోగము జరిగిన నాడు ఆ దీవి నెల్లూరు జిల్లాలోనిదే. ఆ వాక్యమును మార్చినచో చరిత్ర తప్పగును. అందుచే ప్రోగ్రామర్ మొదట గ్రెప్‌తో నాయుడుపేట, నెల్లూరు అను రెండు మాటలు గల వరుసలను మాత్రము వెదకి చూచును. మార్చవలసిన వానిని మాత్రము మార్చును. డిఫ్ చూపిన వరుసలను ఒక్కసారి చదివి, సరియని తోచిన పిదపనే గిట్‌లో చేర్చును. పాత వరుస ముందు తీసివేత గుర్తు, క్రొత్త వరుస ముందు కూడిక గుర్తు నిలిచియుండును.

పాత ఫాంటు ఫైళ్ళను విడిపించు యత్నములు 2005 ప్రాంతము నుండి సాగుచున్నవి. వెన్న నాగార్జున పద్మ అను సాధనమును నిర్మించి, పలు ఫాంటుల పట్టికలను సేకరించి, వాని పాఠమును యూనికోడులోనికి మార్చు మార్గము చూపెను. పని కష్టమైనదే. ఫాంటులో ముక్కలు కంటికి కనబడు వరుసలో నుండును, యూనికోడులో పలుకు వరుసలో నుండవలెను. ఒక్కొక్క తయారీదారుని ఫాంటుకు వేరు పట్టిక కావలెను. మార్చిన తరువాత వొత్తులు, రావత్తు, దీర్ఘములు స్థానము తప్పినవేమో వరుస వరుసగా సరిచూడవలెను. ఇందుకు పాత ఫైలుతోపాటు దాని ఫాంటు ఫైలును, ఒక అచ్చుప్రతిని భద్రపరచి యుంచుట మొదటి మెట్టు. బడి బీరువాలో దుమ్ము పట్టిన సీడీలలో పది పదునైదేండ్ల ప్రశ్నపత్రములున్నచో, ఆ ఫాంటు నడచు కంప్యూటరు ఒకటైనను ఊరిలో మిగిలియుండగనే వానిని తెరచి చూడవలసియున్నది.